ఖాళీ చేయవలసిందిగా బరువు గారికి నోటీసు

శ్రీ బరువు గారు,
ఎడమ హల్, వెనక గది మంచం కింద. కుడి హల్, పాత స్నానాల గది. ముందువైపు లంగరు గొలుసు అర. ఇంకా మాకు తెలియని చోట్లు.
ప్రస్తుత మకాం: చాగ్వారామస్ పడవల యార్డు, ట్రినిడాడ్.

అయ్యా,

పై వరుసలో 'గారు' పెట్టింది నోటీసుకు ఉండాల్సిన మర్యాద కోసం. అద్దె కట్టకుండా, అడిగి రాకుండా, వచ్చాక కదలకుండా కూర్చున్నవాణ్ణి మీరు అనడం నా వల్ల కాదు. ఇకనుంచి నువ్వే.

ఈ ఉత్తరం నీ ఒక్కడి చేతికిచ్చి ఊరుకోవచ్చు. నలుగురిలో పెట్టడానికి కారణం ఉంది. మేం పడవ మీద కాపురం పెట్టామని తెలిశాక మనవాళ్లు ఫోన్లు చేస్తుంటారు. ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, ఒక కాటమరాన్ కొనుక్కుని తిరుగుదామనుకుంటున్నాం వదినా అంటారు. వాళ్లడిగే ప్రశ్నలన్నీ ఒకే తీరు. తుపాను వస్తే ఏం చేస్తారు? సముద్రపు దొంగలు లేరా? రాత్రిళ్లు భయం వేయదా? ఇన్నేళ్లలో ఒక్కరూ నీ పేరెత్తలేదు. తుపానుకు కాలం ఉంది, సూచన ఉంది, తప్పుకుని పోవడానికి దక్షిణాన ఈ ట్రినిడాడ్ ఉంది. నీకు కాలమూ లేదు, సూచనా లేదు. పడవ కొన్న రోజు నుంచి రోజూ కాస్త కాస్త ఎక్కుతూనే ఉంటావు.

తెలియనివాళ్ల కోసం ముందు నువ్వు చేసే చెరుపు చెప్పాలి. కాటమరాన్‌కు రెండు సన్నటి హల్స్, అంటే నీళ్లలో తేలే పడవ ఒళ్లు, వాటిని కలుపుతూ మధ్యన ఒక డెక్కు. ఆ డెక్కు మీదే హాలూ వంటగదీ. ఒంటి హల్ పడవలకు బోల్తా పడకుండా అడుగున టన్నులకొద్దీ సీసమో ఇనుమో వేలాడుతుంది. వాటి మొత్తం బరువులో సుమారు మూడో వంతు అదే ఉంటుంది. అలాంటి పడవలోకి ఇంకో టన్ను ఎక్కినా దానికి పెద్ద పట్టింపు ఉండదు, అలవాటైన ప్రాణం. కాటమరాన్‌కు ఆ సీసం లేదు. అది నిలబడేది వెడల్పు వల్ల, పరిగెత్తేది తేలిక వల్ల. నీ కన్ను ఎప్పుడూ ఆ రెండోదాని మీదే.

లెక్క వేసి చూపిస్తాను. నీటిమట్టం దగ్గర మా ఒక్కో హల్ పొడవు సుమారు 12 మీటర్లు, నడుం దగ్గర వెడల్పు 1.2 మీటర్లు. రెండు కొసలూ సన్నబడతాయి కాబట్టి ఒక్కో హల్ నీటి మీద ఆక్రమించే వైశాల్యం 10 చదరపు మీటర్లు అనుకుందాం. రెండూ కలిపి 20. పడవ ఒక్క సెంటీమీటరు దిగాలంటే 200 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. ఉప్పునీరు గనక 205 కిలోలు. టన్నుకు దాదాపు అయిదు సెంటీమీటర్లు. అయిదే కదా అని నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ మధ్య డెక్కు అడుగుకీ నీటికీ మధ్య మా పడవకు కొత్తలో ఉన్న ఖాళీ 70 సెంటీమీటర్లు. ఎదురుగాలిలో అల ఆ సందులోకి దూరి కింద నుంచి గుద్దుతుంది. ఖాళీ ఉన్నన్నాళ్లూ అల కిందనుంచే జారిపోతుంది. నువ్వు పది సెంటీమీటర్లు తినేశాక, నిన్నటిదాకా జారిపోయిన అలే ఇవాళ వచ్చి తగులుతుంది. టేబుల్ మీది గ్లాసు ఎగిరి పడుతుంది, నిద్రపోతున్న మనిషి లేచి కూర్చుంటాడు. పడవ ఎక్కడో విరిగిందనిపించే చప్పుడు అది. విననివాళ్లకు చెప్పడం కష్టం, విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇది పైకి వినిపించే నష్టం. వినిపించనిది ఇంకొకటుంది. ఒంటి హల్ పడవ గాలి ఎక్కువైతే పక్కకు వాలి ఆ గాలిని వదిలేస్తుంది. కాటమరాన్ వాలదు. గాలి నెట్టుడంతా తెరచాప స్తంభం మీదికి, దాన్ని పట్టుకున్న ఉక్కు తీగల మీదికి పోతుంది. పడవ ఎంత బరువుంటే ఒక హల్ గాల్లోకి లేవడానికి అంత మొండికేస్తుంది, ఆ మేరకు తీగల మీద పడగలిగిన గరిష్ఠ లాగుడూ పెరుగుతుంది. పది టన్నుల పడవలో రెండు టన్నులుగా నువ్వు చేరితే ఆ లాగుడు అయిదో వంతు ఎక్కువ. తీగలు గీసినవాడు నిన్ను లెక్కలోకి తీసుకోలేదు. పడవ బరువెక్కితే నెమ్మదిస్తుంది, అంతేగా, తొందరేముంది అనేవాళ్లుంటారు. నిజమే, తొందరేం లేదు. మరి తీగలు?

నువ్వొచ్చావని పడవ నోరు తెరిచి చెప్పదు, ఒళ్లు చూపిస్తుంది. వెనకవైపు నీళ్లలోకి దిగే మెట్లలో ఆఖరిది మునుగుతుంది. తర్వాత, నాచు పట్టకుండా పూసే విషపు రంగు గీతకు పైన, తెల్లటి ఒంటి మీద పచ్చగా నాచు మొలుస్తుంది. అప్పుడు జనం ఏం చేస్తారో తెలుసా? నిన్ను దించరు. పడవను యార్డుకెక్కించి ఆ రంగు గీతను నాలుగు వేళ్లు పైకి జరిపిస్తారు. నడుం పెరిగితే ప్యాంటు మార్చుకున్నట్టు. ఈ యార్డులో మా వరుసలో ఉన్న పడవల్ని చూసుకుంటూ వెళ్తే పాత గీత, కొత్త గీత, దానిపైన ఇంకా కొత్త గీత కనిపిస్తాయి.

మా పడవ పాతది, 41 అడుగులు, మార్టినిక్ దీవిలో లె మారన్ అనే రేవులో కొన్నాం. అక్కడ అద్దె పడవల వ్యాపారం పెద్దది. అద్దెకు వచ్చేవాళ్లు వారం సెలవుకు ఒక బట్టల సంచీతో వస్తారు, వారం తర్వాత దాన్ని తీసుకుపోతారు. అలాంటి పడవకు నీతో పరిచయమే ఉండదు. నాలుగు పడకగదులు, నాలుగు స్నానాల గదులు, మంచాల కింద మనిషి పడుకునేంత అరలు, నేల పలకలెత్తితే ఇంకో వరుస అరలు. అన్నీ ఖాళీ. ఆ ఖాళీని చూసి మనిషి మురిసిపోతాడు. నీ ఎత్తుగడంతా ఆ మురిపెంలోనే ఉంది. చోటుంది కాబట్టి పెట్టొచ్చు అనుకుంటాం. ఆ చోటు కింద ఉన్న నీళ్లు ఎంత మోస్తాయని అడగం. కాటమరాన్ ఇచ్చే చోటుకీ అది మోయగల బరువుకీ అసలు పొంతన ఉండదు. ఇల్లంత అరలూ పెట్టి, ఎడ్లబండి మోసేంత సరుకు చాలంటుంది.

యూరప్‌లో అమ్మే పడవకు తయారీదారు ఒక పలక బిగించాలి: ఎంతమంది ఎక్కొచ్చు, ఎంత బరువు వేయొచ్చు అని. మా పడవ పలక మీద ముందటి యజమాని తువ్వాలు తగిలించుకునే కొక్కెం బిగించాడు.

సరే, కాపురానికి ఏమేం కావాలి? కరెంటు, నీళ్లు, వంట, చల్లదనం, ఒడ్డుకు వెళ్లడానికి చిన్న పడవ, చెడితే బాగుచేసుకునే సరంజామా. ఈ ఒక్కో గుమ్మంలోంచీ నువ్వు లోపలికి ఎలా వచ్చావో చెప్తాను, కాదను చూద్దాం.

కరెంటు దగ్గర నీకు గట్టి దెబ్బే తగిలింది. పాత సీసం బ్యాటరీల్లో సగానికి మించి వాడితే అవి తొందరగా చస్తాయి. రోజూ 400 ఆంపియర్ అవర్లు కావాలంటే 800 మోయాలి. వందకు ముప్ఫై కిలోల చొప్పున 240 కిలోలు. వాటి స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టాం. అందులో ఎనభై శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, వందకు పన్నెండు కిలోలే. 500 ఆంపియర్ అవర్లకు అరవై. ఒక్క మధ్యాహ్నంలో నిన్ను 180 కిలోల మేర బయటికి గెంటాం. అయితే ఈ కొత్త బ్యాటరీ దాహం మామూలుది కాదు. ఇంజను ఆల్టర్నేటర్ ఎంతిస్తే అంతా తాగుతుంది, మొహమాటం లేదు. ఆల్టర్నేటర్ కాలిపోయేదాకా లాగుతుంది. అందుకని మధ్యలో ఒక బయటి రెగ్యులేటర్, ఆల్టర్నేటర్ వేడిని కనిపెట్టే సెన్సార్ పెట్టాలి. ఇవి లేకుండా బ్యాటరీలు మార్చినవాళ్ల ఆల్టర్నేటర్లు ఈ యార్డు చెత్తకుండీలో చూడొచ్చు.

సౌర పలకలు మూడు, ఒక్కోటి 400 వాట్లు. ఈ అక్షాంశాల్లో మబ్బు లేని రోజున నాలుగైదు యూనిట్లు వస్తాయి. ఫ్రిజ్జు, ఫ్రీజరు, దీపాలు, స్టార్‌లింక్, మంచినీళ్ల యంత్రం అందులోంచి గడుస్తాయి, తెరచాప దూలం నీడ పలక మీద పడకుండా చూసుకుంటే. ఆ నీడ సన్నగా గీతలా పడినా పలక సగం చచ్చినట్టే. పలకలు అరవై అయిదు కిలోలు, వాటిని మోసే స్టీలు చట్రం ఇంకో నలభై. ఈ వంద కిలోలకు నీ మీద కోపం లేదు. దానివల్లే డీజిల్ జనరేటర్ అక్కర్లేకుండా పోయింది, అది ఒక్కటే 140 కిలోలు.

కానీ నిన్ను దించిన చోట ఖాళీ ఏర్పడుతుంది కదా. ఆ ఖాళీ పిలుస్తుంది. పక్క పడవవాళ్లు బ్యాటరీలు మార్చగానే అంత కరెంటు ఉంది కదా అని బట్టలుతికే యంత్రం పెట్టించుకున్నారు, ముందు తలుపుది, ఇంట్లో వాడేదే. ఉతికేటప్పుడు ఎగిరిపడకుండా దాని కడుపులో కాంక్రీటు దిమ్మ ఉంటుంది. అడుగున సీసం వద్దని కాటమరాన్ కొనుక్కున్నవాళ్లు కాంక్రీటును సముద్రం దాటిస్తున్నారు. నేను నవ్వలేదు, వాళ్లు దుప్పట్లు ఉతికిస్తామన్నారు.

నీళ్ల సంగతి ఇంకా రసవత్తరం. లీటరు కిలో, ఇందులో నీతో బేరం లేదు. మా ట్యాంకులు 600 లీటర్లు. నింపితే మూడు సెంటీమీటర్లు దిగుతాం. సముద్రపు నీటిని తాగేనీళ్లు చేసే యంత్రం నలభై అయిదు కిలోలే. నీళ్లను 55 బార్ల ఒత్తిడితో పొరలోంచి తోస్తుంది, ఉప్పు ఇవతల ఉండిపోతుంది, నీళ్లు అవతలికి పోతాయి. మాది ఒత్తిడిని వృథా పోనివ్వకుండా తిరిగి వాడుకునే రకం, బ్యాటరీ మీదే నడుస్తుంది, నెమ్మదిగా చేస్తుంది. రోజుకు ఇద్దరికి నలభై లీటర్లు దండిగా సరిపోతాయి. అందుచేత ట్యాంకుల్లో మూడో వంతే ఉంచుకుని 400 కిలోలు తగ్గించేశాం.

యంత్రం మాత్రం చంటిపిల్ల. వాడకుండా కొన్ని రోజులు వదిలేస్తే పొరమీద సూక్ష్మజీవులు పెరిగి కంపు కొడుతుంది, మంచినీళ్లతో కడగాలి. ఎక్కువకాలం వదిలేయాలంటే మందు పట్టించి నిల్వ చేయాలి. రేవులో తేలే నూనె ఒక్క గుటక మింగినా, ఊరి కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలినా పొర పాడు. అంచేత మహాసముద్రం దాటేటప్పుడు యంత్రాన్ని నమ్మి ట్యాంకులు ఖాళీగా పెట్టేవాళ్లను నేను తెలివైనవాళ్లనను. అక్కడ నిన్నే నమ్ముతాను. దారిలో యంత్రం ఆగితే ఒడ్డు చేరేదాకా ఇద్దరం తాగడానికి చాలినన్ని నీళ్లు, ఒకటికి రెండు ట్యాంకుల్లో విడివిడిగా. ఆ బరువు నాకు చుట్టం.

ఇక గొలుసు. నువ్వు ఎంత ఉన్నావన్నదానికన్నా ఎక్కడ కూర్చున్నావన్నది కొన్నిసార్లు పెద్ద సంగతి. పడవ మధ్య నుంచి దూరం రెట్టింపైతే ముందుకీ వెనక్కీ ఊగడంలో నీ ప్రభావం నాలుగు రెట్లు. పడవ మధ్య నుంచి అయిదు మీటర్ల అవతల ముక్కు దగ్గర కూర్చున్న 50 కిలోలు, రెండున్నర మీటర్ల దూరంలోని 200 కిలోలంత అల్లరి చేస్తాయి. మంచి డిజైనర్లు గొలుసు అరను స్తంభం మొదట్లో పెట్టింది అందుకే. మాది పాత డిజైను, గొలుసు ముందుంది. పది మిల్లీమీటర్ల గొలుసు 80 మీటర్లు, నూట ఎనభై కిలోలు. ముక్కు అలలోకి దిగితే వెంటనే లేవాల్సింది పోయి ఆలోచిస్తుంది.

గొలుసు తగ్గిస్తే లంగరు పట్టు పోతుందని మా ఆయన వాదన. నా వాదన వేరు. నిద్ర పట్టించేది నేలలోకి దిగే లంగరు. అది 33 కిలోలు, అందులో గ్రాము తగ్గించను, కావాలంటే ఇంకా పెద్దది కొంటాను. గొలుసుకు కావలసింది బలం, లావు దానికి ఒక దారి మాత్రమే. గట్టి ఉక్కుతో చేసిన ఎనిమిది మిల్లీమీటర్ల గొలుసు పాత పది మిల్లీమీటర్లదానికి బలంలో తీసిపోదు, బరువు 115 కిలోలు. గొలుసును పైకి లాగే యంత్రంలో పళ్ల చక్రం మాత్రం కొత్త కొలతకు మార్చాలి. మార్చాం. ముక్కు నుంచి 65 కిలోలు దిగాయి. ఇల్లు సర్దుకున్నాక మేం పోట్లాడుకోని మొదటి ప్రయాణం ఆ తర్వాతదే.

చిన్న పడవ గురించి క్లుప్తంగా: అల్యూమినియం అడుగుది, యాభై కిలోలు, 15 గుర్రాల ఇంజను, నలభై. అది మా కారు, మా స్కూటరు, మా బజారు సంచీ. రాత్రి నీళ్లలో వదిలేస్తే తెల్లారేసరికి ఉండదు, పైకెత్తి వెనకాల వేలాడదీయాల్సిందే. ఇక్కడ నీతో గొడవ లేదు.

గొడవంతా పనిముట్ల దగ్గర. ఇంజన్లు రెండు కాబట్టి ఫిల్టర్లు, బెల్టులు, పంపులో తిరిగే రబ్బరు రెక్కలు అన్నీ రెండేసి జతలు. న్యాయమే. కానీ ఎప్పుడో పనికొస్తుందని దాచిన స్టీలు బోల్టులు, ముందటి యజమాని ముందటి యజమాని వదిలిపోయిన పైపు ముక్కలు, ఏ యంత్రానిదో తెలియని కొత్త పంపు? మా ఆయనకు ఇనుము కనిపిస్తే జాలి. ఒకరోజు కరెంటు తీగల్ని వెతుకుతూ పోతే, ఎప్పుడో తీసేసిన రాడార్‌కూ, రేడియోకూ, దీపాలకూ వెళ్లిన పాత రాగి తీగలు ఇంకా గోడల వెనకే ఉన్నాయి. ఒక కొస కోసేసి, మిగతాది లాగడం బద్ధకమై వదిలేశారు. బయటికి లాగి పోగేస్తే ముప్ఫై కిలోలు. ఏళ్ల తరబడి ఎవరికీ కనపడకుండా కూర్చున్నావంటే నీ ఓపికకు దండం.

వంటగది నా రాజ్యం, అక్కడ నిన్ను సమర్థిస్తున్నానని మా ఆయన దెప్పుతాడు. ప్రెషర్ కుక్కర్ గురించి ఎవరూ నోరెత్తరు. గ్యాసు తక్కువ, మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఎంత ఊగినా పప్పు నేలపాలు కాదు. మన దేశం మొహం చూడని నావికులు కూడా కుక్కర్ లేకుండా కదలరు. వివాదం గ్రైండర్‌తో. రాళ్లతో కలిపి పదకొండు కిలోలు. మిక్సీలో వేస్తే వేడెక్కి ఇడ్లీ గట్టిపడుతుంది, ఆ సంగతి వేరే చెప్పాలా. ఇక్కడి వేడికి పిండి ఒక్క పూటలో పులిసిపోతుంది. ఎండ కరెంటు ఉచితం. రాళ్లు పడవ మధ్యలో, స్తంభానికి దగ్గరగా, నేలమట్టంలో ఉంటాయి. ఇంత పద్ధతిగా కూర్చున్న బరువు ఈ పడవలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

సరుకుల విషయంలో మాత్రం నీ మాయ ఎక్కువ. ఊరు దాటితే ఏదీ దొరకదన్న భయం మనవాళ్లలో పుట్టుకతో వస్తుంది. ఆ భయం నెత్తిన ఎక్కి నువ్వు బస్తాలుగా వస్తావు. మార్టినిక్ చేరిన రోజున ఒక అంగట్లో 'కొలొంబో' అనే పొడి కొన్నాను. ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు, పసుపు. 1853 నుంచి తమిళ తీరం నుంచి చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వచ్చినవాళ్ల వంట ఇప్పుడు ఆ దీవి వంట. ట్రినిడాడ్‌కు మొదటి కూలీల ఓడ వచ్చింది 1845లో. ఇక్కడి బజార్లో కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. ఆరు నెలల పప్పు మంచం కింద మోసుకుంటూ పప్పు దొరికే ఊరికే వచ్చామన్నమాట. మనుషులున్న ప్రతిచోటా తిండి ఉంటుంది; వాళ్లు తినేది మనమూ తినొచ్చు. అట్టపెట్టెలు మాత్రం పడవ ఎక్కనివ్వను. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు వస్తాయి. అది బరువు లెక్క కాదనుకో, కానీ నీ చుట్టాల్లో వాళ్లూ ఉన్నారు.

నిన్ను దగ్గరికి రానివ్వనివాళ్లు మనలోనూ ఉండేవారు. మా అమ్మమ్మది ఉప్పాడ. అక్కడి చేపలవాళ్లు ఒకప్పుడు కొయ్య దుంగలు కట్టిన తెప్పల మీద వేటకు పోయేవారు. ఇప్పుడవి చాలావరకు ఫైబర్ తెప్పలయ్యాయి. దుంగల తెప్ప ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పి దుంగల్ని విడదీసి ఇసుకలో ఎండబెట్టేవారు. నీళ్లు తాగిన కొయ్య బరువెక్కుతుంది, బరువెక్కిన తెప్ప మర్నాడు అలను ఎక్కలేదు. అంటే రోజూ సాయంత్రం నిన్ను వెళ్లగొట్టడం వాళ్ల పనిలో భాగం. లోపల వలా, తెడ్డూ, మనుషులూ తప్ప ఏముండేవి గనక. ఇప్పటి కాటమరాన్‌లో ఆ పనికి వేళ లేదు, ఎండబెట్టే ఇసుకా లేదు.

తెల్లవాళ్లలోనూ నిన్ను దగ్గరికి రానివ్వనివాడు ఒకడుండేవాడు, జేమ్స్ వారమ్. 1955లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి, ఇరవై మూడున్నర అడుగుల జంట హల్ పడవలో, ఇద్దరు జర్మన్ అమ్మాయిలతో కలిసి అట్లాంటిక్ దాటి ఈ ట్రినిడాడ్‌కే వచ్చాడు. తన చేత్తో కట్టుకున్న పడవ అది. నిన్ను అంత దూరం పెట్టడానికి ఆయనకున్న గొప్ప సాయం, నీకివ్వడానికి ఆ పడవలో చోటు లేకపోవడం. నేను అలా బతకగలనా? బతకలేను. నాకు ఫ్రిజ్జు కావాలి, స్నానానికి నీళ్లు కావాలి, మధ్యాహ్నం కాసేపు పంకా కావాలి. కొద్దిదానితో బతకమని ఎవరికీ చెప్పను. ఏది ఎంత ఖరీదో రూపాయల్లో కాకుండా సెంటీమీటర్లలో తెలిసుండాలని మాత్రం అంటాను.

ఇప్పుడు నోటీసుకు వద్దాం. ఈ యార్డుకొచ్చి పడవను లిఫ్టు పట్టీల మీద పైకెత్తినప్పుడు దాని తెర మీద తూకం వచ్చింది: 11.3 టన్నులు. తువ్వాలు కొక్కెం ఊడదీసి, పలక మీది బరువును ఖాళీ పడవ బరువుకు కలిపితే గరిష్ఠం 10.6. లిఫ్టు తూకం అంత కచ్చితం కాదమ్మా, అయిదు శాతం అటూ ఇటూ ఉంటుంది అని ఆపరేటర్ ఓదార్చాడు. అటా ఇటా అని నేనడగలేదు. ఏడు వందల కిలోలుగా నువ్వు నా పడవలో అక్రమంగా ఉన్నావు.

జనరేటర్‌ను నిన్ననే దించాం, కొనేవాళ్లు దొరికారు. నాలుగు స్నానాల గదుల్లో రెండు రద్దు. వాటి మరుగుదొడ్లు, పంపులు, ఉప్పునీటి సున్నం పట్టి రాయిలా అయిన పైపులు పోతున్నాయి. ఒక గది ఇకపై పని గది. రేవులో కట్టేసినప్పుడు తప్ప పనిచేయని ఏసీ కూడా వెళ్తోంది. డెక్కు అంచుకు కట్టిన డీజిల్ డబ్బాలు ఎనిమిది. సౌర పలకలున్న పడవకు వాటిలో రెండు చాలు. పాత తెరచాపలు తిరుపతి మొక్కులా దాచుకున్నాం, వాటినీ ఎవరికైనా ఇచ్చేస్తాం. నా పుస్తకాలు సగం యార్డు గ్రంథాలయం అల్మారాలోకి చేరాయి. సగం అన్నాను, మిగతా సగం సంగతి ఈ ఉత్తరంలో ఎత్తొద్దు.

ప్రాణరక్షణ తెప్ప, ప్రమాద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్, తుపానులో వెనక నుంచి లాగి పడవను నిలువరించే డ్రోగ్, మందుల పెట్టె: వీటిని ముట్టుకోను. ఇవి ఎంత బరువుంటే అంత. ఒక్కసారి కూడా వాడకుండా ముసలివైతే సంతోషం.

ఇకమీదట పడవలోకి కొత్త వస్తువు వస్తే తలుపు దగ్గర స్ప్రింగ్ తక్కెడ ఉంటుంది. చేపలు తూచేదే. ఎంత తూగిందో పుస్తకంలో రాయాలి, అంత తూగేది ఇంకొకటి దిగాలి. మా ఆయన ఈ నిబంధనకు ఒప్పుకున్నాడు. అయితే తక్కెడ బరువు కూడా రాయమన్నాడు. రాశాను.

చివరగా ఒక మాట, ఇది నోటీసులో భాగం కాదు. తుపానుల కాలం అయ్యాక పనామా కాలువ దాటి పసిఫిక్‌లోకి వెళ్లాలని ఉంది. అక్కడి నుంచి మార్కేసాస్ దీవులకు దాదాపు నాలుగు వేల నాటికల్ మైళ్లు. గాలి బాగుంటే మూడు వారాల పైచిలుకు, లేకపోతే ఇంకా ఎక్కువ. అటువైపు దీవుల్లో సరుకుల ధరలు మండిపోతాయి. అప్పుడు నిన్ను మేమే పిలుస్తాం: బియ్యం, పప్పులు, నూనె, నిండు నీటి ట్యాంకులు, నిండు డీజిల్. ఏడు వందల కిలోలు దిగినవాడివి అయిదు వందలై తిరిగి వస్తావు, తెలుసు. రా. బియ్యం బస్తాలుగా వస్తే స్తంభం పక్కన కింది అరలో సగం ఎడమకు, సగం కుడికి కూర్చో. నీళ్లుగా వస్తే రెండు ట్యాంకుల్లోనూ సమంగా ఉండు. ముక్కు వైపు చూడకు, అక్కడ లంగరు తప్ప ఎవరికీ చోటు లేదు. వెనకకీ పోకు, చిన్న పడవ ఉంది. రోజూ వంట చేసినప్పుడల్లా కొంచెం కొంచెం దిగిపోవాలి. మార్కేసాస్‌లోని హివా ఓవా దీవిలో లంగరు వేసేనాటికి ఆఖరి మెట్టు నీళ్ల పైన కనపడాలి.

ఇట్లు,
పడవ యజమానురాలు (సగం వాటా)